బెజవాడ ఇంటిపేరు వాళ్ళంతా విజయవాడ వాళ్ళేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా ఇంటిపేరు బెజవాడ. మాది నెల్లూరు జిల్లా. తాత ముత్తాతల నుంచి విజయవాడతో మాకు రాకపోకలు లేవు. మరి ఈ పేరెలా వచ్చింది? బెజవాడ గోపాలరెడ్డి గారు, బెజవాడ విల్సన్ గారు మాకు చుట్టాలవుతారా? ఇలా పెద్ద ఊళ్ళ పేర్లతో ఇంటిపేర్లు ఇంకా ఏమున్నాయి?"

దస్తావేజు లేఖరిగా చాలా ఏళ్ళు పనిచేశాను. పాత కాగితాల్లో ఇంటిపేర్లు, ఊళ్ళ పేర్లు చదవడమే నా బతుకుతెరువు. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మీరు నెల్లూరు జిల్లాలో ఉండడంలో విచిత్రమేమీ లేదండి. ఊరి పేరు ఇంటిపేరు అయ్యేది ఆ ఊళ్ళో ఉన్నందుకు కాదు, అక్కణ్ణించి లేచి వచ్చినందుకు. బెజవాడలో కాపురమున్న మనిషిని పక్కింటివాళ్ళు "బెజవాడ వాడు" అని పిలవరు. అక్కడ అందరూ బెజవాడ వాళ్ళే కదా, ఆ పేరుతో గుర్తుపట్టేదేముంది? అదే కుటుంబం పెన్నా ఒడ్డున ఏదో ఊరికి వచ్చి దిగితే, "కొత్తగా వచ్చినవాళ్ళెవరు?" అంటే "బెజవాడ వాళ్ళు" అంటారు. రెండు తరాలు గడిచేసరికి ఎక్కణ్ణించి వచ్చారో ఎవరికీ పట్టదు, పేరు మాత్రం ఉండిపోతుంది. అంటే ఈ ఇంటిపేరు పెట్టింది మీ పూర్వీకులు కాదు, వాళ్ళు వచ్చి చేరిన ఊరి జనం. ఈ సంగతి పట్టుకుంటే మిగతా చిక్కులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

గోపాలరెడ్డి గారు 1907లో పుట్టింది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెంలో. శాంతినికేతన్‌లో చదువుకున్నారు, టాగూరు రచనలను తెలుగులోకి తెచ్చారు. 1955-56లో ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి, తర్వాత కేంద్రమంత్రి, 1967 నుంచి 1972 దాకా ఉత్తరప్రదేశ్ గవర్నరు. అదే జిల్లా నుంచి బెజవాడ రామచంద్రారెడ్డి గారు 1930ల్లో మద్రాసు శాసనమండలికి అధ్యక్షుడిగా ఉన్నారు. ఇక బెజవాడ విల్సన్ గారు 1966లో కర్ణాటకలోని కోలారు బంగారు గనుల దగ్గర, పాకీపని చేసే దళిత కుటుంబంలో పుట్టారు. సఫాయి కర్మచారి ఆందోళన్ పేరుతో ఆ పనిని రద్దు చేయించడానికి ఆయన బృందం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2014లో తీర్పు వచ్చింది. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం ఇచ్చారు.

వీళ్ళని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకవైపు నెల్లూరు రెడ్ల భూస్వామ్య కుటుంబాలు, ఇంకోవైపు గనుల పట్నంలో మరుగుదొడ్లు శుభ్రం చేసిన కుటుంబం. ఇంటిపేరు ఒకటే. ఊరి పేరుకి కులం లేదు, గోత్రం లేదు. ఆ ఊళ్ళోంచి బయటపడ్డ ఎవరికైనా అది అంటుకుంటుంది. కాబట్టి "మాకు చుట్టాలవుతారా" అన్న దానికి ఇంటిపేరు ఒక్కదాన్ని పట్టుకుని అవునని గానీ కాదని గానీ అనలేం. గోత్రం, ఇలవేల్పు, పాత సంబంధాలు కలిస్తేనే మాట. పెళ్ళిళ్ళ దగ్గర ఇంటిపేరు ఒకటే అయితే అన్నదమ్ముల వరస అని పక్కన పెడతారు. ఒకే కులంలో అది మంచి జాగ్రత్తే. దాని అర్థం చుట్టరికం రుజువైందని మాత్రం కాదు.

"బెజవాడ" అనే పాత పేరుంది కాబట్టి మీ వంశం వెయ్యేళ్ళ కిందటిదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఊరు పాతదన్నది నిజమే. చాళుక్య రాజు యుద్ధమల్లుడు మధ్యాక్కర అనే ఛందస్సులో పద్యాలుగా వేయించిన పదో శతాబ్దపు శాసనం అక్కడ ఉంది. కానీ బెజవాడ అన్న పేరు నిన్న మొన్నటిదాకా కాగితాల మీద కూడా నడిచింది. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది బెజవాడలో అనే రాస్తారు. ఈ మధ్యలో ఏ శతాబ్దంలో బయల్దేరినా మీవాళ్ళకు ఆ పేరే అంటేది.

ఇప్పుడు మిగతా ఊళ్ళ సంగతి. మీరు "పెద్ద ఊళ్ళ పేర్లు" అన్నారు. చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే ఇప్పుడు పెద్దవైన ఊళ్ళు వేరు, ఇంటిపేర్లు పుట్టిన రోజుల్లో పెద్దవి వేరు. హైదరాబాదు 1591లో కట్టిన ఊరు. కాకినాడ రేవు పట్నంగా పెరిగింది పందొమ్మిదో శతాబ్దంలో. ఇలాంటి వాటితో పాతుకుపోయిన ఇంటిపేర్లు తగలడం కష్టం. అదే కోటలూ రాజధానులూ ఉండి, తర్వాత చిన్నబోయిన ఊళ్ళ వైపు చూస్తే ఇంటిపేర్లు గంపలకొద్దీ దొరుకుతాయి. ఓరుగల్లు, కొండవీడు, అద్దంకి, వినుకొండ, కొండపల్లి, నిడదవోలు, వేములవాడ. ఇంటిపేర్ల జాబితా రాసుకుంటూ పోతే రెడ్డిరాజుల నాటి పటం గీసినట్టే ఉంటుంది.

వీటిలో నాకు బాగా నచ్చేది ఓరుగంటి. చాలామందికి ఇది వరంగల్లు పేరని తట్టదు. తెలుగులో ఇల్లు ఇంటి అయినట్టు, ఓరుగల్లు ఓరుగంటి అవుతుంది. అంటే "ఓరుగల్లుకు చెందిన" అని. నెల్లూరుకు చెందిన స్వాతంత్ర్య సమరయోధురాలు ఓరుగంటి మహాలక్ష్మమ్మ, కృష్ణదేవరాయల మీద పరిశోధన చేసిన చరిత్రకారుడు ఓరుగంటి రామచంద్రయ్య ఈ ఇంటిపేరు వాళ్ళే. ఇంటిపేరు దగ్గరే ఆగలేదు. కాపుల్లో, రెడ్లలో పంట, పాకనాటి, మొరస లాగే ఓరుగంటి అని ఒక శాఖే ఉంది. ఒక నగరం పేరు ఇంటికీ, కులంలో శాఖకీ రెండింటికీ అంటుకుందంటే అక్కణ్ణించి ఎంతమంది కదిలి ఉండాలి! 1323లో కాకతీయుల రాజ్యం కూలింది. ఆ తర్వాత నాయకులూ, సైనికులూ, కరణాలూ తూర్పుకీ దక్షిణానికీ చెదిరిపోయారు. అయితే ప్రతి ఓరుగంటి కుటుంబాన్నీ ఆ ఒక్క సంవత్సరానికి ముడిపెట్టడం తొందరపాటు. పెద్ద నగరంలోంచి జనం ఎప్పుడూ వెళుతూనే ఉంటారు.

ఈ "గల్లు-గంటి" మార్పు తెలిస్తే బోలెడు ఇంటిపేర్లు వాటంతటవే విప్పుకుంటాయి. ఊరు ఊరి అవుతుంది: కందుకూరు కందుకూరి, టంగుటూరు టంగుటూరి. పాడు పాటి అవుతుంది, పర్రు పర్తి, మర్రు మర్తి, వీడు వీటి, వరం వరపు. దానవీరశూర కర్ణకు మాటలు రాసిన కొండవీటి వెంకటకవి గారి ఇంటిపేరులో ఉన్నది కొండవీడే. 1325 ప్రాంతంలో మొదలైన రెడ్డిరాజ్యానికి ముందు అద్దంకి రాజధాని, తర్వాత కొండవీడు. అద్దంకి పేరు మారలేదు, ఎందుకంటే చివర ఇకారం ఉంది. పల్లి, వాడ, కొండ కూడా అలాగే ఉండిపోతాయి. మీ బెజవాడ మారకపోవడానికీ కారణం అదే.

ఇందులో మినహాయింపు గుంటూరు శేషేంద్రశర్మ గారు. లెక్క ప్రకారం గుంటూరి అనాలి, కానీ గుంటూరు అనే ఉండిపోయింది. ఆయన పుట్టింది గుంటూరులో కాదు. 1927లో నెల్లూరు జిల్లా నాగరాజుపాడులో. ఉద్యోగం మునిసిపల్ కమిషనరు, పేరు తెచ్చింది కవిత్వం. కాలరేఖకు 1994లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మళ్ళీ చూడండి, గుంటూరు ఇంటిపేరు నెల్లూరు జిల్లాలో తేలింది. కృష్ణా గుంటూరు వైపు నుంచి దక్షిణానికి వెళ్ళిన కుటుంబాల బాట ఒకటి ఈ పేర్లలో కనిపిస్తుంది.

ఊరి ఇంటిపేర్లు ఎప్పటినుంచి ఉన్నాయని కొందరు వాదిస్తుంటారు. కనీసం పదహారో శతాబ్దం నాటికి బాగా స్థిరపడ్డాయని చెప్పవచ్చు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షాకు తపతీసంవరణోపాఖ్యానం అంకితమిచ్చిన కవి పేరు అద్దంకి గంగాధరుడు. అదే నవాబు దగ్గర ఆదరణ పొందిన ఇంకో కవి కందుకూరి రుద్రయ్య. అద్దంకి ఎక్కడ, గోల్కొండ ఎక్కడ?

దూరం వెళ్ళినకొద్దీ పేరు గట్టిపడుతుందనడానికి ఇంకా పెద్ద సాక్ష్యాలున్నాయి. త్యాగరాజస్వామి తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో బతికారు, ఇంటిపేరు మాత్రం కాకర్ల. అది పాత ప్రకాశం జిల్లాలో కంభం వైపు పల్లె. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టింది తిరుత్తణిలో. సర్వేపల్లి నెల్లూరు దగ్గరి ఊరు. ఆయన కొడుకు, చరిత్రకారుడు గోపాల్ గారు కూడా సర్వేపల్లే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని కన్నడిగులు తమవాడని గుండెల్లో పెట్టుకుంటారు, అందులో తప్పేమీ లేదు, ఆయన పుట్టింది చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో. కానీ "ఎం. విశ్వేశ్వరయ్య"లో ఆ "ఎం" గిద్దలూరు వైపున్న మోక్షగుండం. తమిళ, కన్నడ దేశాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్ళకి భాష పలచబడినా ఇంటిపేరు ఇనీషియల్‌లో దాక్కుని మిగిలింది.

దగ్గర్లోనే ఆగిపోయినవాళ్ళూ ఉన్నారు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. ఘంటసాల అదే కృష్ణా జిల్లాలోని పాత బౌద్ధ క్షేత్రం, ప్రాచీన గ్రీకు భూగోళవేత్త టాలెమీ కూడా పేర్కొన్న రేవు. దగ్గుబాటి వారి కారంచేడుకి దగ్గుబాడు పక్కనే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పేరు ముందు ఊరున్న ప్రతివాళ్ళకీ అది ఇంటిపేరు కాదు. చిత్తూరు నాగయ్య గారి ఇంటిపేరు ఉప్పలదడియం, పుట్టింది రేపల్లెలో. చిత్తూరులో నాటకాలాడి పేరు తెచ్చుకున్నారు కాబట్టి ఆ ఊరు ముందు చేరింది. తెనాలి రామకృష్ణుడి ఇంటిపేరు గార్లపాటి అని చెబుతారు. తెనాలి అనేది ఆయన్ని గుర్తుపట్టడానికి లోకం పెట్టుకున్న పేరు. ఉర్దూ కవుల్లో అమ్జద్ హైదరాబాదీ అన్నట్టు, అది మనిషితో మొదలై మనిషితో ఆగిపోతుంది. 1908 మూసీ వరదలో కుటుంబాన్ని పోగొట్టుకున్న ఆ అమ్జద్ గారు ఉన్నదే హైదరాబాదులో. అయినా ముషాయిరాలనే కవిసభలకీ పత్రికలకీ హైదరాబాదు బయటి పాఠకులే ఎక్కువ కాబట్టి ఆ గుర్తు పనికొచ్చింది. నాటకాల వాళ్ళకీ సినిమా వాళ్ళకీ జరిగింది ఇదే.

ఈ రెండింటికీ మధ్య గోడ మాత్రం పలచనిది. బూర్గుల రామకృష్ణారావు గారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. షాద్‌నగర్ దగ్గరి బూర్గుల వాళ్ళ ఊరు. 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యేనాటికి లోకానికి తెలిసింది బూర్గులే. ఆయన అన్న కొడుకో తమ్ముడి కొడుకో అన్న వరస పక్కన పెట్టండి, తర్వాతి తరంలో విద్యార్థి ఉద్యమ నాయకుడు నర్సింగరావు గారు కూడా బూర్గుల నర్సింగరావే. మనిషి గుర్తు ఇంటి గుర్తుగా మారడం మన కళ్ళ ముందే, ఇరవయ్యో శతాబ్దంలో జరిగింది. మీ బెజవాడ కూడా ఎప్పుడో ఇలాగే మారి ఉంటుంది. మరాఠీల్లో దీనానాథ్ గారు గోవాలోని మంగేశి ఊరి పేరు మీద మంగేష్కర్ అయ్యి, పిల్లలందరికీ అదే ఇచ్చారు. వాళ్ళకి "కర్" చేరిస్తే సరిపోతుంది, మనకు పేరు చివర మారాలి, అంతే తేడా.

ఆడవాళ్ళ విషయం ఇంకో రకం. కొండపల్లి కోటేశ్వరమ్మ గారికి ఆ పేరు పెళ్ళితో వచ్చింది. ఆవిడ పుట్టిల్లు పామర్రు. అటు వింజమూరి అనసూయాదేవి, సీతాదేవి గార్లను పాటల లోకం చివరిదాకా పుట్టింటి పేరుతోనే పిలిచింది. కాబట్టి ఒక స్త్రీ పేరు ముందున్న ఊరితో ఆవిడ పూర్వీకుల్ని వెతికేటప్పుడు ముందు ఆ పేరు ఏ వైపుదో తేల్చుకోవాలి.

ఇంటర్నెట్లో తిరిగే జాబితాల గురించి ఒక మాట. వాటిలో సగం తప్పులు ఒకే పేరుతో రెండు మూడు ఊళ్ళు ఉండడం వల్ల వస్తాయి. కందుకూరు ప్రకాశం-నెల్లూరు వైపూ ఉంది, హైదరాబాదు పక్కన రంగారెడ్డి జిల్లాలోనూ ఉంది. వీరేశలింగం గారి పూర్వీకులది కోస్తాలోని కందుకూరు. ఆయన పుట్టింది మాత్రం రాజమండ్రిలో. తెలంగాణలో ఒక కందుకూరి కుటుంబం కనిపిస్తే అదే ఊరని అనుకోవడానికి లేదు. మిగతా సగం తప్పులు ఊరు కాని దాన్ని ఊరు చేయడం వల్ల వస్తాయి. అక్కినేని, మాగనేని లాంటి "నేని" పేర్లు మూలపురుషుడి పేరు మీద వచ్చినవి. వాటికి ఊరు వెతికితే దొరకదు, కొందరు కల్పించి మరీ పెడుతున్నారు.

మరి మీ కుటుంబం నిజంగా బెజవాడ నుంచి వచ్చిందో లేదో ఎలా తేల్చాలి? ఇంట్లో పాత దస్తావేజులుంటే ముందు అవి తీయండి. ఆస్తి వచ్చిన తీరు రాసే చోట, "మా పితామహులు ఫలానా గ్రామం నుండి వచ్చి" అనే వాక్యం కొన్నిసార్లు తగులుతుంది. లేకపోతే మీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకటో పుస్తకం, దాని సూచికలు ఉంటాయి. వీలునామాలు తప్ప స్థిరాస్తి దస్తావేజులన్నీ అందులోనే. ఫీజు కడితే ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. ఒక సూచిక మనుషుల పేర్ల వారీగా, ఇంకోటి ఆస్తుల వారీగా ఉంటుంది. మనకు కావలసింది పేర్ల సూచిక. చట్టబద్ధంగా రిజిస్ట్రేషన్లు 1865 నుంచి మొదలయ్యాయి. అయితే పాత సంపుటాలు చెదలు పట్టి ఉండవచ్చు, లేదా జిల్లా కేంద్రానికి తరలించి ఉండవచ్చు. గుమస్తా "లేవండీ" అన్నాడని వెంటనే వెనక్కి రాకండి, రాతపూర్వకంగా అర్జీ పెట్టండి.

మీవాళ్ళకు ఇనాం భూమి ఏదైనా ఉండి ఉంటే ఇంకా మంచిది. 1858లో ఇనాం కమిషన్ వేసి ఊరూరా ఇనాంల విచారణ చేశారు. ఆ ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో భూమి ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, అప్పటికి ఎన్ని తరాలు అనుభవించారు అన్నవి గడులు గీసి రాశారు. దస్తావేజులకంటే వెనక్కి పోవడానికి మనకున్న దారుల్లో ఇదే గట్టిది. అప్పటి గుమస్తాల రాత అర్థం కావడానికి కొంచెం అలవాటు కావాలి. సందేహమొస్తే ఫొటో తీసి పెట్టండి, చదివి చెబుతాను.

నోటి సాక్ష్యాన్నీ తీసిపారేయకండి. రెడ్ల ఇళ్ళకి పిచ్చుకగుంట్ల వాళ్ళు వచ్చి గోత్రాలూ ఇంటిపేర్లూ వరసగా చెప్పి సంభావన తీసుకునేవాళ్ళు. ఏ ఇంటిపేరుకి ఏ గోత్రమో వాళ్ళకి కంఠస్థం. మీ వైపు ఇంకా ఎవరైనా వస్తుంటే కూర్చోబెట్టి, ఫోన్లో రికార్డు చేసుకోండి. అతిశయోక్తులు చాలా ఉంటాయి, రాజుల్నీ దేవతల్నీ కలిపేస్తారు. మీరు పట్టుకోవలసినవి గోత్రం, ఇలవేల్పు, దారిలో ఆగిన ఊళ్ళు, అంతే. కాశీ, గయల్లో మీవాళ్ళెవరైనా పిండప్రదానాలు చేసి ఉంటే అక్కడి తీర్థపురోహితుల పుస్తకాల్లో పేర్లు ఉండే అవకాశం ఉంది. ఏ ఊరి వాళ్ళకి ఏ పండా అన్నది మీ ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగితే తెలుస్తుంది.

ఈ వెతుకులాట పెళ్ళి సంబంధం కోసమైతే మటుకు ఇంత దూరం వెళ్ళక్కర్లేదు, టెన్షన్ పడకండి. అవతలివాళ్ళ గోత్రం, ఇలవేల్పు అడగండి. రెండూ వేరైతే, నాలుగు తరాల్లో ఇచ్చిపుచ్చుకున్న సంబంధాలూ కలవకపోతే, ఇద్దరూ బెజవాడ వాళ్ళే అయినా ఒకే ఇంటివాళ్ళని చెప్పడానికి ఏ ఆధారమూ లేనట్టే. అప్పుడు కూడా పెద్దవాళ్ళు వద్దంటే అది ఆచారం మాట, వంశవృక్షం మాట కాదు. నాకు మళ్ళీ రాసేటప్పుడు మీ గోత్రం, ఇలవేల్పు, తెలిసినంతలో అందరికంటే పాత ఊరు, ఈ మూడూ రాయండి. అవి లేకుండా ఇంతకంటే ముందుకు చెప్పడం కుదరదు.